నేరేడు నాలుక

మా పక్కింటి కోడలు ఈమధ్య ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. తెరమీద ఊదారంగు డబ్బా బొమ్మ. అమెజాన్ అడవుల్లో కాసే అసాయి పండు పొడి అట. రోజూ ఒక చెంచా పాలలో కలిపిస్తే పిల్లలకు జలుబు రాదట, జ్ఞాపకం పెరుగుతుందట, రక్తం పడుతుందట. "తెప్పియ్యమంటరా అత్తమ్మా?" అని అడిగింది. ధర చూశాను. ఆ పైసలతో చౌరస్తాలో గంప పెట్టుకుని కూర్చునే అవ్వ దగ్గర నేరేడు పండ్లు కొంటే మా వాడకట్టంతా వారం రోజులు తినొచ్చు.

వద్దని మాత్రం అనలేదు. పిల్లల తిండి విషయంలో తల్లులకు ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒకటి వద్దని చెబుతూనే ఉంటారు. ఆ వరుసలో నేనూ నిలబడదలచుకోలేదు. "ముందు పిల్లగాణ్ణి తీస్కొని నాతో నడువు" అన్నాను. హన్మకొండ చౌరస్తాలో అవ్వ పావు కిలో జోకి, కొసరు నాలుగు పండ్లు వాడి చేతిలో పెట్టింది. ఏడేళ్ల వాడు. ఒకటి నోట్లో వేసుకుని, రెండుసార్లు నమిలి, ముఖం ముడిచి ఉమ్మేశాడు. "నాలుకకు ఎట్లనో అయితుంది నానమ్మా" అన్నాడు. వాడికి తీపి తెలుసు, కారం తెలుసు, పులుపు తెలుసు. నాలుక మీద జరిగిన దానికి పేరే తెలియదు. వగరు అనే మాట వాడి చెవిన పడినట్టు లేదు.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. వాడు పండు ఉమ్మేసినప్పటినుంచీ ఈ వగరు గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలనిపిస్తోంది.

షడ్రుచుల్లో వగరు ఒకటి. ఇప్పుడు మన ఇళ్లల్లో అది ఏడాదికి ఒక్క పూట, ఉగాది పచ్చడిలో మామిడి పిందె తొక్కతో వచ్చి పోతుంది. నిజానికి అది నాలుకకు తెలిసే రుచికన్నా నోటికి తెలిసే స్పర్శ. పండులోని టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోట్లో ఉండే జారుడుతనం పోయి గరుకెక్కినట్టవుతుంది. ఆ టానిన్లు పాలీఫినాల్స్ అనే పెద్ద కుటుంబంలోవి. డబ్బా మీద గొప్పగా రాసే 'యాంటీ ఆక్సిడెంట్లు' చాలావరకు ఈ కుటుంబం వాళ్లే. పిల్లవాడు ఉమ్మేసినదీ, తల్లి వేలు పోసి కొనబోయినదీ దగ్గరి చుట్టాలన్నమాట!

అసాయి ఊదారంగుకు కారణం ఆంథోసయనిన్లు. నేరేడు రంగుకూ అవే కారణం. కావాలంటే వంటింట్లోనే పిల్లలకు చూపించండి. నాలుగు నేరేడు పండ్లు నీళ్లలో పిసికి వడకట్టి రెండు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంట సోడా వేస్తే నీలంగానో పచ్చగానో తిరుగుతుంది. బడిలో నేను లిట్మస్ కాగితాలు అయిపోయిన రోజున చేసిన పాఠం ఇదే. రంగు మార్చిన పిల్లలు ఆ తర్వాత ఆ పండును అనుమానంగా చూడటం మానేస్తారు. ఎందుకో నాకూ తెలియదు గానీ, చేత్తో పిసికిన దాన్ని నోట్లో పెట్టుకోవడానికి పిల్లలకు భయం తక్కువ.

అయితే నేరేడు గురించి మన ఇళ్లల్లో తిరిగే మాటలన్నీ నమ్మకండి. నల్లగా ఉంది కాబట్టి రక్తం పడుతుందంటారు. రంగు వేరు, ఇనుము వేరు. నేరేడులో ఇనుము ఉన్నది స్వల్పమే. గింజల పొడి తాగితే చక్కెర జబ్బు పోతుందంటారు. జంతువుల మీద కొంత పరిశోధన జరిగిన మాట నిజమే. దాన్ని పట్టుకుని తాతయ్య మాత్రలు ఆపేయడం మాత్రం ప్రమాదం. పండులోని పాలీఫినాల్స్ కూడా మనం తిన్నంతా రక్తంలోకి పోవు. చాలా భాగం పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడుండే సూక్ష్మజీవుల చేతిలో చిన్న చిన్న ముక్కలవుతుంది. పీచు కూడా ఆ సూక్ష్మజీవులకే మేత. అందుకే పండును పండుగా నమిలి తినమనేది. వడకట్టిన రసంలో చక్కెర మిగిలి, పీచు జల్లెడలో ఉండిపోతుంది. ఏడాది నిండని బిడ్డకైతే రసం ఊసే వద్దు.

'వర్షారణ్యం' అనే మాటలో ఏదో మహత్తు ఉన్నట్టు ప్రకటనలు రాస్తారు. మన వరంగల్ చుట్టుపక్కల ఉన్నది వర్షారణ్యం కాదు. పాఖాల, తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు ఆకురాల్చే అడవులు. ఫాల్గుణం వచ్చేసరికి సగం చెట్లు మోడులవుతాయి. ఆ మోడుల కాలంలోనే వాటికి పండ్లు వస్తాయి. మొదటి వానకు గింజ నేలమీద సిద్ధంగా ఉండాలని చెట్టు తొందర. ఎండలు మండే చైత్ర వైశాఖాల్లో తునికి పండు, మొర్రి పండు, వెనకే ఈత పండు, తొలకరికి నేరేడు. ఇంట్లో కూరగాయలు తగ్గిపోయే రోజుల్లో అడవి పళ్లెం నింపుతుంది. కోయ, నాయకపోడు పల్లెల పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, మనం 'దేశవాళీ' అని ముద్దుగా చెప్పుకునే జామ, సీతాఫలం, బొప్పాయి, అనాస, సీమచింత అన్నీ అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చినవే. మనకు పరాయివి అనిపించనంతగా కలిసిపోయాయి. అసలు సిసలు వానల అడవి పండు కావాలంటే పనస ఉంది. పడమటి కనుమల తేమ అడవులు దాని పుట్టిల్లు. కాబట్టి దూరపు పండు చెడ్డదని కాదు నా మాట. పొడి చేసి, డబ్బాలో పెట్టి, సముద్రాలు దాటించిన పండుకు చెట్టుమీది పండు తీసిపోదంటున్నాను.

తునికి పండు గురించి కాస్త ఆగి చెప్పాలి. తునికాకు అంటే బీడీలే గుర్తొస్తాయి మనకు. వేసవిలో అడవి పల్లెల్లో ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి ఆకు కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరవేస్తారు. ఆ చెట్టుదే పండు కూడా. పైన గట్టి పెంకులాంటి తొక్క, లోపల పసుపుపచ్చని మెత్తటి గుజ్జు. ఆ పసుపు కెరోటినాయిడ్లది. వాటిలో కొన్నింటి నుంచి మన ఒళ్లు విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. పచ్చి తునికి కాయ కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది. పండేకొద్దీ కాయలోని టానిన్లు ఒకదానితో ఒకటి ముడిపడి కరగని రూపంలోకి మారతాయి. అప్పుడు నాలుకకు అవి తగలవు, తీపి బయటపడుతుంది. దోర కాయలను పిల్లలు గుప్పిళ్ల కొద్దీ మింగితే పొట్టలో గడ్డకట్టే ప్రమాదముంది, మెత్తబడ్డాకే ఇవ్వండి. ఎలుగుబంటికి కూడా తునికి పండంటే ప్రాణం. మేడారం దారిలో కారు ఆపి చెట్టెక్కే సరదా ఉన్నవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. అభయారణ్యంలో చెట్టుమీద చెయ్యి వేయడం మన హక్కు కూడా కాదు. దారిపక్క మోదుగాకు దొప్పలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనండి, బేరం ఆడకుండా. అడవిలోని చిల్లర ఫలసాయం సేకరించుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకున్న వాళ్లకు ఇచ్చింది.

మొర్రి పండు ఇంకా చిన్నది. నల్లగా, పులుపూ తీపీ కలిసి ఉంటుంది. గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేస్తారు పిల్లలు. ఆ గింజను పగలగొడితే వచ్చేదే సారపప్పు, మనం పాయసంలో వేసుకునేది. అందులో సగానికి పైగా నూనె, దాదాపు ఐదో వంతు మాంసకృత్తులు. చిక్కిన పిల్లలకు గుప్పెడు అక్కర్లేదు, చెంచాడు చాలు. మొర్రి, జీడి, మామిడి ఒకే కుటుంబం చెట్లు. జీడిపప్పు పడని పిల్లలుంటే సారపప్పు ఇచ్చేముందు డాక్టరును అడగండి.

ఇక ఉసిరి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో దేశంలోని ఆహార పదార్థాల పట్టికలు కొత్తగా అచ్చువేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల ఉసిరిలో విటమిన్ సి సుమారు 250 మిల్లీగ్రాములు. పాత పట్టికల్లో ఇంతకు రెట్టింపు పైగా ఉండేది. కాయ రకాన్ని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి అంకె మారుతుంది. తక్కువ అంకెనే తీసుకుందాం. ఏడెనిమిదేళ్ల బిడ్డకు రోజుకు కావలసింది 45 మిల్లీగ్రాముల దరిదాపు. అంటే సగం ఉసిరికాయ సరిపోతుంది. మనం జ్వరమొచ్చిన పిల్లలకు పరామర్శగా పట్టుకెళ్లే ఆపిల్‌లో 100 గ్రాములకు పది మిల్లీగ్రాములు కూడా లేవు. జామపండు మాత్రం ఉసిరికి దీటుగా నిలబడుతుంది, పైగా ఏడాదిలో చాలా నెలలు అగ్గువకే దొరుకుతుంది.

విటమిన్ సి గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, మన పిల్లల్లో రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువని తేలింది. అంతకుముందు సర్వేలో 61 దాకా ఉండేది; తగ్గాల్సింది పెరిగింది. మన తిండిలో ఇనుము లేదా అంటే, ఉంది. పప్పులో ఉంది, ఆకుకూరలో ఉంది, సజ్జరొట్టెలో ఉంది. కానీ అది పేగు గోడలు సులభంగా పీల్చుకోని రూపంలో ఉంది. అదే పూట భోజనంలో విటమిన్ సి తోడైతే ఆ ఇనుము పీల్చుకునే రూపంలోకి మారుతుంది. కాబట్టి పండు తినే వేళ ముఖ్యం. పప్పన్నంతో ఒక ఉసిరి ముక్క, రొట్టె తిన్నాక అర జామపండు. భోజనం వెంటనే ఛాయ్ మాత్రం పిల్లలకు పోయకండి. ఛాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టుకుని వదలవు. 'ఇందాక టానిన్లు మంచివన్నారు కదా' అని మీరు అడగొచ్చు. నిజమే, అవి రెండు వైపులా పదునున్నవి. అందుకే బాగా వగరుండే పండ్లు, నేరేడు లాంటివి, సాయంత్రం బడి నుంచి వచ్చాక ఇవ్వమంటాను. పులుపు పండ్లు అన్నంతో.

ఉసిరిని ఎండబెట్టినా, గంటసేపు ఉడికించినా విటమిన్ సి చాలావరకు పోతుంది. పంచదార పాకంలో ఊరిన మురబ్బాలో మిగిలేది ముఖ్యంగా పంచదారే. పచ్చి కాయను ముక్కలు చేసి ఉప్పు నీళ్లలో వేసి ఉంచితే పిల్లలు ఇష్టంగా తింటారు. తిన్నాక నీళ్లు పుక్కిలించమనండి, పులుపుకు పంటి పైపొర మెత్తబడుతుంది. ఆ నీళ్లు తియ్యగా అనిపించడం వాళ్లకు పెద్ద వింత. మా చిన్నప్పుడు కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు వెళితే, కాయ తిని బావి నీళ్లు తాగి 'బెల్లం నీళ్లు' అని అరిచేవాళ్లం.

రక్తం బాగా తగ్గిన బిడ్డకు పండ్లతోనే నెగ్గుకొద్దామనుకోకండి. బడిలో చిన్న పిల్లలకు గులాబి రంగు, పెద్ద పిల్లలకు నీలం రంగు ఐరన్ మాత్రలు ఇస్తారు. నులిపురుగుల మందు ఇస్తారు. "మావాడికి పడదు" అని చీటీ రాసి పంపే తల్లులను నేను చాలామందిని చూశాను. పంపకండమ్మా.

భయాల సంగతికి వద్దాం. అడవి పండు అనగానే కొందరు తల్లిదండ్రులు వణుకుతారు, కొందరు ప్రకృతి ఇచ్చిందల్లా అమృతమంటారు. రెండో రకం వాళ్లంటేనే నాకు ఎక్కువ భయం. మన అడవుల్లో ముష్టి చెట్టు ఉంది. పండిన కాయ గుండ్రంగా, నారింజలా నిగనిగలాడుతుంది. గింజలో ఉన్నది స్ట్రిక్నిన్ విషం. కంచెల వెంట పెరిగే అడవి ఆముదం గింజలు కొరికితే తియ్యగానే ఉంటాయి, అందుకే బడిపిల్లలు గుంపుగా తిని వాంతులు విరేచనాలతో ఆసుపత్రి పాలైన వార్తలు మళ్లీ మళ్లీ చదువుతుంటాం. గురివింద గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ ఊళ్లలోనే, గుడి ఆవరణల్లోనే ఉంటాయి. నల్లజీడి కాయ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పిల్లలకు ఒకటే నియమం నేర్పండి: పెద్దవాళ్లు పేరు చెప్పి, ముందు తాము తిని చూపించిన పండే తినాలి. పొరపాటు జరిగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోకండి. ఆ కాయనో ఆకునో చేతపట్టుకుని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

చిలక కొరికిన జామపండు తియ్యన అని మన పెద్దలు మురిపెంగా ఇచ్చేవారు. కొరికింది చిలకో, రాత్రి వచ్చిన గబ్బిలమో మనకు తెలియదు. 2018లో కేరళలో నిపా వచ్చాక నేను ఆ అలవాటు మానేశాను. గాటు పడిన పండు పారేయడమే. సీతాఫలం గింజలు నూరి తలకు రాస్తే పేలు చస్తాయనేదీ అంతే. పేల మాట ఎలా ఉన్నా, ఆ పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు రేగు, నేరేడు, ఈత, సీతాఫలం ఏదిచ్చినా గింజ తీసి ఇవ్వండి, కూర్చోబెట్టి తినిపించండి. ముంజలు కూడా అంతే, చిన్న ముక్కలుగా కోసి. జారుడుగా ఉండి గొంతుకు అడ్డం పడతాయి.

పండును అన్నానికి బదులు పెట్టడం ఇంకో పొరపాటు. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా లిచీ కాలంలో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలొచ్చి చనిపోయేవారు. 2014లో శాస్త్రవేత్తలు వెళ్లి వెతికితే, లిచీలో సహజంగా ఉండే హైపోగ్లైసిన్, దాని చుట్టమైన మరో రసాయనం ఒళ్లు చక్కెర తయారుచేసుకోవడాన్ని అడ్డుకుంటాయని, పగలంతా లిచీలు తిని రాత్రి అన్నం లేకుండా పడుకున్న పిల్లలకు ప్రమాదం ఎక్కువని తేలింది. కడుపు నిండా తిన్న పిల్లలకు నాలుగు లిచీలతో వచ్చే ముప్పేమీ లేదు. మే నెలలో మన బజార్లలోకీ లిచీ వస్తుంది కాబట్టి ఈ మాట.

ఎంత పెట్టాలి అని అడిగేవాళ్లకు: జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల దాకా పండ్లు చెప్పింది. అది పెద్దవాళ్ల పళ్లెం లెక్క. పిల్లలకు వయసును బట్టి వాళ్ల గుప్పెడు కొలత అనుకోండి. ఏ పండు అని అడిగితే పంచాంగం చూడమంటాను. సంక్రాంతికి రేగు, భోగినాడు పిల్లల నెత్తిన పోసినవాటిలో శుభ్రమైనవి కడిగి తినిపించొచ్చు. వినాయక చవితికి పూజలో పెట్టిన ఎలక్కాయను నిమజ్జనం దాకా ఎండబెట్టకుండా బెల్లంతో పచ్చడి చేయండి. బతుకమ్మ నాటికి సీతాఫలం, కార్తీకానికి ఉసిరి. మధ్యలో సీమచింత, చింత దోరకాయ, పరికి పండ్లు దొరికినన్నాళ్లు దొరుకుతాయి. ఇన్ని రంగులు, ఇన్ని రుచులు ఏడాది పొడుగునా మారుతుంటే ఏ పండులో ఏ విటమిన్ ఎంతో బట్టీ పట్టక్కర్లేదు.

తినని పిల్లలను ఏం చేయాలి? బలవంతం మాత్రం వద్దు. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే ఎనిమిది, పది, కొందరికి పదిహేనుసార్లు నోటికి తగలాలని పిల్లల తిండిని గమనించినవాళ్లు చెబుతారు. మనం రెండోసారికే "మావాడికి ఇష్టం లేదు" అని తీర్పు చెప్పేస్తాం. ఒక్క పండు, ఒక్క కొరుకు, ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి. 'ఇది తింటే చాక్లెట్ ఇస్తా' అనకండి. అలా అన్న క్షణాన పండు శిక్ష, చాక్లెట్ బహుమతి అయిపోతాయి. తెల్ల చొక్కా మరకవుతుందని అరవడం కూడా మానుకోండి, నేరేడు తినేటప్పుడు పాత బనీను వేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు తినండి. మా పక్కింటి కోడలు ఆ రోజు పిల్లగాడికి కొనిచ్చింది గానీ తాను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. అడిగితే, "చిన్నప్పుడు తిన్న అత్తమ్మా, ఇప్పుడు పండ్లు నల్లగైతయని..." అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుగు పండ్లు ఆమె చేతిలో పోశాను.

రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ముగ్గురం తిన్నాం. నాలుగో రోజుకు పిల్లగాడు ఉప్పు అడిగాడు. ఆరో రోజుకు ఎవరి నాలుక ఎక్కువ నీలంగా ఉందో అద్దంలో పోటీ పెట్టాడు. వారం దాటాక వాడే చెయ్యి పట్టుకుని చౌరస్తాకు లాక్కెళ్లాడు. అవ్వ గంపలో అడుగున పిడికెడు పండ్లు, అవీ సగం చితికినవి.

"అయిపోయినయ్ బిడ్డా. వానలు వట్టినయ్ గద, ఇగ పై ఏడే."

వాడు కాసేపు ఆ ఖాళీ గంప వంక చూశాడు. "మరి ఇప్పుడు ఏమొస్తయ్?" అన్నాడు.

"సీతాపండ్లు. కొంచెం ఓపిక వట్టు."